అక్క బిడ్డకు నేర్పిన ఏడుపు

మా యారాలి మీద నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే తక్కినదంతా చెప్పడం సులువు. నాకు చదువు రాదు. సంతకం గీస్తాను, బస్సు మీద ఊరి పేరు పోల్చుకుంటాను, అంతే. అందుకే నోటితో చెప్పి రాయిస్తున్నాను.

యారాలంటే నా పెనిమిటి అన్న భార్య. నేను అక్కా అని పిలుస్తాను. ఇద్దరం ఒకే తండాకి కోడళ్లుగా వచ్చాం, ఒకే పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చాం, ఒకే చేలో పత్తి తీశాం. తర్వాత మా బావకి కరెంటాఫీసులో నౌకరీ వచ్చింది. వాళ్లు ఖమ్మం పోయారు. ఇప్పుడు ఖానాపురం హవేలిలో స్లాబు ఇల్లు, గేటు లోపల స్కూటీ, ఒక కూతురు, ఒక కొడుకు. నేను పినపాక అవతల, అడవి అంచున ఉన్న తండాలోనే ఉండిపోయాను. నా మగడు జ్వరంతో పోయాడు. నాకు పిల్లలు లేరు. ఎండాకాలం బీడీలకి తునికాకు ఏరతాను, వానాకాలం చేను చూసుకుంటాను. ఆమెకి ఉన్నవీ నాకు లేనివీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

మేం లంబాడీలం. మా పెద్దవాళ్లు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఎక్కడో ఉత్తరాన బయలుదేరి దేశమంతా చెదిరిపోయారట. ఎక్కడ ఎద్దు పడుకుంటే అక్కడ ఒక తండా. అందుకే మావాళ్లు మహారాష్ట్రలో ఉన్నారు, కర్ణాటకలో ఉన్నారు. ఊళ్లు వేరు, తిండి వేరు, కలిపి ఉంచేది మా బాస ఒక్కటే. దానికి రాత లేదు. నోట్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు.

మా అక్క నోట్లో నుంచి అది ఖమ్మం పోయిన కొత్తల్లోనే పోయింది. అద్దాలు కుట్టిన లంగా తీసేసి చీర కట్టింది. "ఇంటి కిరాయి ఇయ్యాలంటే గూడ మన బట్టలు చూసి ఎనకాముందాడుతున్నరు చెల్లే" అంది. కావచ్చు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ నేను మా బాసలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది, అది నాకు గుచ్చుకుంది. నేను మా బట్టలు విడవలేదు. మగడు పోయాక మోచేతి పైన తొడిగే తెల్లగాజులూ, చెంపల మీద వేలాడే వెండీ తీసేశాను. లంగా, అద్దాల రవిక, తల మీద ముసుగు అట్లాగే ఉంచాను. వేరేవి కట్టుకుంటే నేనెవరో నాకే తెలియదనిపించేది.

అసలు కుళ్ళు ఇల్లు మీదా కాదు, చీర మీదా కాదు. పిల్ల మీద.

వాళ్లు ఖమ్మంలో కుదురుకునే దాకా ఆ పిల్లని నా దగ్గర వదిలారు. అప్పటికి దానికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. మాటలన్నీ నా దగ్గరే నేర్చింది, మా బాసలోనే. నన్ను కాకీ అనేది. కాకి అంటే తెలుగువాళ్లు నవ్వుతారు గానీ, మాలో చిన్నమ్మని అట్లాగే పిలుస్తారు. చేనికి పోయేటప్పుడు దాన్ని భుజం మీద ఎక్కించుకుని వాగు దాటేదాన్ని. నా చెవులు రెండూ పట్టుకుని ఎద్దుని తోలినట్టు తోలేది. బడి ఈడు రాగానే తీసుకుపోయారు. తర్వాత సెలవులకి వచ్చినప్పుడు నా మాట అర్థమయ్యేది గానీ, జవాబు మాత్రం తెలుగులో, వాళ్లమ్మ గొంతుతో వచ్చేది.

ఆ పిల్ల పెద్ద చదువులు చదివింది, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. సెల్‌ఫోన్లు తండాలోకి కూడా వచ్చేసిన రోజులవి. ఆ ఎండాకాలం, తునికాకు కల్లం ఎత్తేసిన వారంలో, మా అక్క ఆటోలో దిగింది.

"పిల్ల పెండ్లి కుదిరింది చెల్లే. పిలగాడు మనోడే. దాని ఆఫీసులనే చేస్తడు. నాందేడ్ అవతల తండా."

"మంచిదే గదా" అన్నాను. మంచినీళ్లిచ్చాను. పెండ్లి చెప్పడానికి మనిషి ఆటోలో ఇంత దూరం రాదు, ఫోన్ చాలు. ఇంకేదో ఉంది.

"పిలగాని నానమ్మ ఉన్నది, ఇంకా గట్టిగనే ఉన్నది. తెలుగు ఒక్క ముక్క రాదు. ఫోన్ల ఏమడిగిందో ఎరికేనా? పిల్లకు ఢావ్లో వస్తదా అన్నది. ఏడుపు రాని పిల్లను ఇంట్లకు తోలుకపోతే ఆ పిల్లకు వెనక మనుషులు లేరనుకుంటరంట."

ఢావ్లో అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. మాలో పెండ్లికూతురు అత్తగారింటికి పోయే ముందు ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి పాడుతూ ఏడుస్తుంది. ఊరికే కన్నీళ్లు కాదు. తల్లికి ఒక మాట, తండ్రికి ఒక మాట, అన్నకి, వదినకి, తండా నాయకుడికి వేరే మాట. నన్ను ఎట్లా పెంచారు, ఎందుకు పంపిస్తున్నారు అని అడుగుతుంది. తిట్టినా తిడుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఒక్క రోజు ఆడపిల్ల ఏమైనా అనొచ్చు. పెండ్లి కుదిరిన దగ్గర నుంచి పెద్ద ఆడవాళ్లు కూర్చోబెట్టి నేర్పుతారు.

"నువ్వే నేర్పరాదూ" అన్నాను, కావాలనే.

"నాకు సగం గూడ యాదికి లేదే. ఎప్పటి ముచ్చట!"

"అవ్ మరి. మొగుని పక్కన ఉన్నదానికి ఏడుపు ఎందుకు యాదికుంటది?"

ఆమె మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఎన్నేళ్ల తర్వాతో మళ్లీ మా బాసలో నోరు విప్పింది: "రా చెల్లే. నీకు దండం పెడత." నా లోపల ఏదో పొంగింది. అది జాలి కాదు. ఆమె దగ్గర లేనిది ఒకటి నా దగ్గర ఉందన్న సంతోషం.

ఖానాపురం హవేలిలో ఇంటికి పోయాను. నేలంతా నున్నటి బండలు. కాలు జారుతుందేమోనని గోడ పట్టుకుని నడిచాను. పిల్ల హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వచ్చింది. చుడీదార్ వేసుకుని, మంచం మీద మఠం వేసుకుని, సెల్‌ఫోన్ నా నోటి దగ్గర పెట్టి "ఏడ్వు కాకీ, రికార్డ్ చేసుకుంట" అంది.

"ఏడ్వమంటే ఏడుపొస్తదా? నేనేమన్న నల్లానా, తిప్పితే కారనీకి?"

అది పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నా దగ్గర ఉన్నప్పటిదే. వంటింట్లో నుంచి మా అక్క "ఏంది, ఏంది నవ్వుతున్నరు?" అంటూ గరిటెతో వచ్చింది. మేమిద్దరం చెప్పలేదు. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

సాయంత్రం డాబా మీద మా బావ సంఘం వాళ్లు కూర్చున్నారు. అందరూ ఉద్యోగాలున్న మావాళ్లే. పెండ్లి ఎట్లా చేయాలో మాట్లాడుకుంటున్నారు. నేను చాయ్ పట్టుకుని పైకి పోయేసరికి మాటలు గట్టిగా ఉన్నాయి.

"ఫంక్షన్ హాలుకు మా సార్లు వస్తరు బావా. స్టేజీ మీద పిల్ల మెడలు పట్టుకొని రాగాలు తీస్తే ఏమనుకుంటరు? ఇంకా అడవిలనే ఉన్నరు అనుకుంటరు" అన్నాడొకడు.

"మరి తీజ్ పండుగకు నీ భార్యకు అద్దాల లంగా కిరాయికి తెచ్చి ఫోటో దించినవు గదా. అప్పుడు అడివి యాదికి రాలే?" అన్నాడు ఇంకొకడు.

"అది కల్చర్ ప్రోగ్రాం."

"ఏడుపు కల్చర్ కాదా?"

మా బావ ఇద్దరి మధ్యా తల తిప్పుతూ ఉన్నాడు. నన్ను చూసి ఒకాయన "ఈమెనడుగుర్రి, అసలు మనిషి ఈమే" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ మ్యూజియంలో బొమ్మని చూపించినట్టు ఉంది. నేను చాయ్ పెట్టి కిందికి దిగాను. మా బట్ట ఒంటి మీద ఉన్నది నాకు, దాని పేరుతో సంఘం పెట్టుకున్నది వాళ్లు. మా మాట నోట్లో ఉన్నది నాకు, దాని గురించి మాట్లాడేది వాళ్లు. వాళ్ల మీద కూడా కాస్త మండింది.

పిల్లకి తల్లి పాట ముందు నేర్పాను. తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: యాడీ, నన్ను భుజాన మోసి దాటిన వాగులెన్నో. ఏ వాగు అవతల దించి తిరిగి చూడకుండా పోతావు? యాడీ అంటే అమ్మ. ఈ మాటలు పాతవి కావు, నేను కట్టినవి. ఢావ్లోలో రాగం పాతది, మాటలు ఎవరివి వాళ్లు కట్టుకోవాలి. ఎవరు తనకేం చేశారో అదే చెప్పాలి గదా. కట్టేటప్పుడు నా కండ్ల ముందున్నది నా భుజమే, నా వాగే. నోరు మాత్రం యాడీ అన్నది. ఏం చేయను? తల్లికే ముందు పాడాలి.

పిల్ల ఫోన్ ఆపింది. "కాకీ, అమ్మ నన్ను ఎప్పుడు వాగు దాటించింది?"

"పాటల గట్లనే ఉంటది బిడ్డా."

అది నా మొహంలోకి చూసింది. మళ్లీ పెట్టుకుని వింది. చెవుల్లో తీగలు పెట్టుకుని రోజంతా నా ఏడుపే వింటూ తిరిగింది. పళ్లు తోముకుంటూ, బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ. తండ్రిది పట్టింది, తమ్ముడిది పట్టింది, నాయకుడిది పట్టింది. ఉచ్చారణ కాస్త వంకర పోయేది, సరిచేస్తే సరిచేసుకునేది. ఆఖరికి అడిగింది.

"మరి నీది?"

"నాదేంది?"

"నీకేం పాడాలె?"

అడుగుతుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. అయినా మాలో పద్ధతి అది కాదు. ఎవరి కోసం ఏడవాలో ఆ మనిషే నేర్పకూడదు. తల్లిది చిన్నమ్మ నేర్పుతుంది, చిన్నమ్మది తల్లో నానమ్మో నేర్పుతుంది. నా కోసం ఇట్లా ఏడువు అని నేనే ఎట్లా చెప్పను?

"కాకిది కాకి నేర్పదు బిడ్డా. అడుక్కున్నట్టు ఉంటది" అన్నాను, వంటింట్లోకి వినపడేలా.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా అక్క విన్నది. వచ్చి కూర్చుని రెండు మాటలు కట్టి ఇచ్చి ఉండొచ్చు. రాగం యాదికి లేకపోతే లేదని నన్నే అడిగినా సరిపోయేది. గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటే గుబులు. పెండ్లి నాడు అందరి మెడలూ పట్టుకుని పాడిన పిల్ల నా దగ్గరకి వచ్చి మూగగా నిలబడితే? నాందేడ్ ఆడవాళ్లు చూస్తారు. ఈమె ఈ పిల్లకి ఏమీ కాదు అనుకుంటారు. నేను పెంచిన ఆ రెండు మూడేళ్లూ నిజంగానే ఏమీ కానట్టు అయిపోతాయి. పోనీ నా దగ్గరకే రాకపోతే? అది ఇంకా అన్యాయం.

పెండ్లి రోజు పసుపు పెట్టేటప్పుడు మా అక్క నన్ను పక్కకి పిలిచింది. "చెల్లే, ఏమనుకోకు. జర లోపలి రూంల కూసో. పక్కింటోళ్లు, ఆఫీసోళ్లు ఉన్నరు. ఏదన్న అంటరు."

ముండమోసినదాన్ని గదా, అదీ సంగతి. మా తండాలో ఇంత పట్టింపు లేదు. అక్కడ పసుపు నూరేదే నా చేత్తో. ఇది ఆమె చీరతో పాటు పట్నంలో కట్టుకున్నది.

"ఏడుపు నేర్పనీకి ముండది పనికొచ్చింది గదక్కా" అన్నాను.

ఆమె కండ్లు తిప్పుకుంది. నేను లోపలికి పోలేదు. హాలు వెనక వరసలో, కూలర్ పక్కన కుర్చీలో కూర్చున్నాను.

నాందేడ్ వాళ్లు బస్సు దిగారు. ఆడవాళ్లంతా నిండు బట్టల్లో, మోచేతి పైదాకా తెల్లగాజులతో గలగలమంటూ వచ్చారు. హాలంతా పట్టుచీరలు. ఆ ముసలమ్మ, పిలగాని నానమ్మ, చుట్టూ చూసి తిన్నగా నా దగ్గరకి వచ్చి నన్ను కౌగిలించుకుంది. "ఇంత సేపటికి మన మనిషి కనపడ్డది! పిల్ల తల్లివి నువ్వే గదా?" అంది మా బాసలో. వాళ్ల యాస కొద్దిగా వేరు గానీ ప్రతి మాటా అర్థమైంది.

కాదు అనడానికి నాకు కాస్త సేపు పట్టింది. అబద్ధం ఆడలేదు, ఆ చేతుల్లో కాసేపు ఉన్నానంతే. మా అక్క మెరిసే చీరలో స్టేజీ పక్కన నిలబడి అదంతా చూసింది. "కాదు యాడీ. తల్లి అగో, ఆమె. నేను కాకిని" అన్నాను. ముసలమ్మ ఆమెను చూసి, నన్ను చూసి "అట్లనా" అంది. ఆ ఒక్క మాటకి మా అక్క మొహం మాడింది. నేను దాన్ని చూడకుండా ఉండలేకపోయాను.

అప్పగింతల వేళ అయింది. పిల్ల మా అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. రాగం అందుకుంది. ఎక్కడా తడబడలేదు. ముసలమ్మ తల ఊపుతూ ముక్కు తుడుచుకుంది. మా అక్క మొదట బిర్రబిగుసుకుని నిలబడింది. వాగు మాట వచ్చేసరికి కూలిపోయినట్టు ఏడ్చింది. ఆమె ఎన్నడూ దాటించని వాగు కోసం ఏడ్చింది. నా మాటలు, నా రాగం, నా పిల్ల. అన్నీ ఆమె మెడ మీద.

తండ్రిది అయింది. తమ్ముడిది అయింది. తండా నాయకుడిది అయింది. అక్కడితో నేర్పింది అయిపోయింది. పిల్ల తలెత్తి చుట్టూ చూసింది. నేను కుర్చీలో ఇంకా కిందికి ఒరిగాను. వెతుక్కుంటూ పట్టుచీరల మధ్యలో నుంచి కూలర్ దాకా వచ్చింది. వంగి నా మెడ పట్టుకుంది. దాని పూలదండ నా మొహం మీద ఒత్తుకుంది. మాట రాలేదు. నేను దాని చెవిలో "చాలు బిడ్డా, పో" అన్నాను, మూగతనం ఎవరూ చూడకముందే.

అది పోలేదు. రాగం మాదే, మాట మాత్రం తెలుగులో ఎత్తుకుంది.

"మా అమ్మను చూస్తే నీ కండ్లు మండుతయి కాకీ,
నన్ను చూస్తే ఆ కండ్లే సల్లవడుతయి కాకీ.
మోసింది నువ్వైతే పాట అమ్మకిచ్చినవు కాకీ,
ఇయ్యలేక ఇయ్యలేక ఇచ్చినవు కాకీ..."

మా బాసలో పాడినవి హాల్లో సగం మందికి అర్థం కాలేదు. ఇది మాత్రం అందరికీ అర్థమైంది. ఆఫీసు సార్లకి, పక్కింటి వాళ్లకి, వంటవాళ్లకి కూడా. కొందరు నవ్వారు. ఒకాయన "అబ్బో, మంచిగ ఇచ్చింది" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా కుళ్ళు ఇన్నేళ్లూ లంగా కుచ్చెళ్లలో దాచుకున్నాననుకున్నాను. పిల్ల దాన్ని నలుగురిలో దులిపింది. అయినా దాని కన్నీళ్లు నా మెడ మీద వేడిగా కారుతున్నాయి. నేను దాన్ని వదల్లేదు. ఆఖర్న నా చెవిలో ఒక మాట అని అదే లేచింది.

నాందేడ్ ఆడవాళ్లు గుసగుసలాడారు. ముసలమ్మ నన్నే అడిగింది. "ఏమన్నది?"

చెప్పాలి గదా. "మా అక్క మీద నాకు కుళ్ళు అన్నది."

"నిజమేనా?"

"అవ్, నిజమే."

ముసలమ్మ బోసినోటితో పెద్దగా నవ్వింది. పక్కనున్న ఒకామె "తెలుగుల ఏడిస్తే అది ఢావ్లో అయితదా?" అని ముక్కు విరిచింది. ముసలమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

బస్సు పోయాక హాల్లో ఎంగిలి విస్తళ్లు ఎత్తుతున్నారు. మా అక్క వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. చెప్పులు విప్పేసి కాళ్లు చాపుకుంది. మా బాసలో అడిగింది. "నాకు పాడినయన్నీ నువ్వు కట్టినయేనా?"

"అవ్."

"ఒక్క మాటన్న దానిది లేదా?"

ఉంది అని చెప్పొచ్చు. అది ఆమెకి ఎంత చల్లగా ఉండేదో నాకు తెలుసు. "లేదక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. నా కండ్లు ఎట్లా మండుతాయో ఆమె కండ్లలో అప్పుడు చూశాను. నాకు తృప్తి కలగాలి. కొంచెం కలిగింది కూడా. అంతలోనే ఇంకో మంట. మా బాసలో, నిండు రాగంతో, పెద్దవాళ్లు తల ఊపగా ఏడ్చింది ఆమె మెడ మీదనే గదా. నాకు మిగిలింది తెలుగు. దాని నోట్లో మా మాటలు నేనే మొదట పెట్టాను, అవి తిరిగి నా దాకా రాలేదు.

ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు మా అక్క అడుగుతుంది. "ఆ రోజు నీ మెడ మీద ఏడ్చింది మల్లొక్కసారి చెప్పే. మొదటి నాలుగు మాటలు నాక్కూడ ఇనవడ్డయి. ఆఖర్న నీ చెవుల ఏదో అన్నది గదా, అది చెప్పు." యాదికి లేదక్కా అంటాను. ఆమె నమ్మదు. రాసుకుంటున్నవాళ్లు కూడా ఇప్పుడే అడిగారు. వాళ్లకీ చెప్పను. అది నాది.